90ల నాటి కార్డ్ గేమ్స్ కొనేముందు ఒక చిన్న చిట్కా

పాత గేమ్స్ ట్రై చేద్దాం అనుకునేవాళ్ళు చాలామంది నేరుగా 1995 నాటి కటాన్ అనే బోర్డ్ గేమ్ కొనేస్తారు, గేమ్ మంచిదే కానీ కనీసం ముగ్గురు ఉండాలి, టైమ్ కూడా గంట పైనే పడుతుంది. నన్నడిగితే ముందు చిన్న కార్డ్ గేమ్స్‌తో మొదలుపెట్టండి.

ఎక్కువమంది ఉంటే 6 నిమ్ట్ (1994). 104 కార్డులు, పది మంది దాకా ఆడొచ్చు, అందరూ ఒకేసారి కార్డు తిప్పుతారు కాబట్టి ఎవరికీ వెయిటింగ్ ఉండదు, వరసలో ఆరో కార్డు ఎవరిది పడితే వాళ్ళు ముందున్న ఐదూ తీసుకోవాలి, ముఖ్యమైన రూల్ ఇదే.

ఇద్దరే ఉంటే లాస్ట్ సిటీస్ (1999). ఇందులో కొత్తవాళ్ళు చేసే పొరపాటు ఏంటంటే చేతిలో ఉన్న ప్రతి రంగూ మొదలుపెట్టేస్తారు. ఒక రంగులో ఒక్క కార్డు వేసినా మైనస్ 20తో మొదలవుతారు, అంటే కార్డుల మొత్తం 20 దాటితేనే లాభం. అందుకే ఒక రంగులో చేతిలో ఉన్న కార్డుల మొత్తం 15 దాకా అయినా కనిపించేవరకు ఆగండి, రెండు మూడు రంగులు గట్టిగా ఆడితే చాలు. పందెం కార్డులు కూడా తొందరపడి వేయొద్దు, లాభంతో పాటు నష్టాన్నీ డబుల్ చేస్తాయి.

బేరాలు ఇష్టమైతే బోనాంజా (1997) నాకు అన్నిటికన్నా ఇష్టం, కాకపోతే చేతిలో కార్డుల వరస అస్సలు మార్చకూడదు, పేకాట అలవాటుతో సర్దేస్తారు, ఆట మొదట్లోనే అందరికీ ఇది చెప్పేయండి.