జీతంలో ఆదాయపు పన్ను, పీఎఫ్ కోతలను ఎలా లెక్కవేసుకోవాలి?

పన్ను లెక్కకు సీటీసీని (కంపెనీ ఉద్యోగిపై ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చును) ఆధారంగా తీసుకోకూడదు. అందులో యజమాని కట్టే పీఎఫ్ వాటా, చాలా కంపెనీల్లో గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే మొత్తం) కూడా కలిసి ఉంటాయి కనుక పే స్లిప్పులోని స్థూల జీతంతోనే మొదలుపెట్టాలి. నెలకు 1,25,000 రూపాయల స్థూల జీతం, అందులో 60,000 బేసిక్ ఉన్న హైదరాబాద్ ఉద్యోగిని ఉదాహరణగా తీసుకుందాం.

మొదట, ఏడాది జీతం 15 లక్షల నుంచి కొత్త పన్ను విధానం ఇచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ (జీతగాళ్లందరికీ ఇచ్చే స్థిర తగ్గింపు) తీసివేస్తే 14,25,000 మిగులుతుంది. ఉద్యోగి కట్టిన పీఎఫ్‌కు, వృత్తి పన్నుకు ఈ విధానంలో మినహాయింపు లేదు. పాత అలవాటుకొద్దీ వాటినీ తీసేసేవారు చాలామందే ఉన్నారు.

రెండవది శ్లాబులు. 2025-26కు 4 లక్షల వరకు పన్ను లేదు. ఆపైన 8 లక్షల వరకు 5 శాతం, 12 వరకు 10, 16 వరకు 15, 20 వరకు 20, 24 వరకు 25, ఆ పైన 30 శాతం. శ్లాబు దాటితే మొత్తం జీతంపై పెద్ద రేటు పడుతుందన్న భయం నిరాధారం, ఎందుకంటే ఏ రేటైనా ఆ శ్లాబులో పడిన భాగానికే వర్తిస్తుంది. మన ఉదాహరణలో 4-8 లక్షల శ్లాబులో 20,000, 8-12 లక్షల శ్లాబులో 40,000, చివరి 2,25,000 మీద 33,750 కలిపి 93,750. ఆ పన్నుపై అదనంగా వేసే 4 శాతం సెస్ 3,750 చేరితే 97,500, అంటే నెలకు 8,125.

పన్ను విధించదగిన ఆదాయం 12 లక్షలు మించకపోతే రిబేటుతో (పన్ను మాఫీతో) జీతంపై పన్ను సున్నా అవుతుంది. అది 12,10,000 అయితే లెక్క ప్రకారం 61,500 పడాలి గానీ, మార్జినల్ రిలీఫ్ (పరిమితి కొద్దిగా దాటినవారికి ఇచ్చే ఊరట) వల్ల దాటిన 10,000, దానిపై సెస్ మాత్రమే కట్టాలి.

తర్వాత పీఎఫ్. బేసిక్, డీఏ (కరువు భత్యం)లపై 12 శాతం చొప్పున 7,200 కోస్తారు. యజమాని కూడా అంతే కడతారు, కానీ అందులో 1,250 పెన్షన్ పథకానికి వెళ్తుంది కాబట్టి పాస్‌బుక్కులో రెండు వాటాలు సమానంగా కనిపించవు. కొన్ని కంపెనీలు 15,000 వేతన పరిమితి మీదే లెక్కించి 1,800తో ఆపుతాయి. ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత నెలకు 21,000 దాటని వేతనాలకే. ఉద్యోగి వాటా 0.75 శాతం.

వృత్తి పన్ను రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 20,000 దాటిన జీతానికి నెలకు 200. అన్నీ పోగా చేతికి 1,09,475 రావాలి.

ఏడాది మధ్యలో ఉద్యోగం మారితే పాత జీతం వివరాలను కొత్త కంపెనీకి తప్పక ఇవ్వాలి. లేకుంటే అక్కడ స్టాండర్డ్ డిడక్షన్, సున్నా శ్లాబు మళ్ళీ మొదటి నుంచి లెక్కవేసి తక్కువ టీడీఎస్ (జీతం నుంచే ముందుగా కోసే పన్ను) కోస్తారు, ఆ తేడాను రిటర్ను వేసేటప్పుడు వడ్డీతో సహా కట్టవలసి రావచ్చు.