సర్వర్ పని నేర్చుకుందాం – 9వ పాఠం: గడియారం సెల్లు మార్చడం

పోయిన పాఠంలో సర్వర్‌ను ర్యాక్‌లోంచి పట్టాల మీద బయటికి లాగి, పైమూత తీసి మళ్ళీ పెట్టడం దాకా వచ్చాం. మూత తీసినప్పుడు మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత మెరిసేది ఒకటి మీ కంటబడే ఉంటుంది. కొందరు సీమాస్ సెల్లు అంటారు, కొందరు బటన్ బ్యాటరీ అంటారు. కొట్లో అడిగేటప్పుడు మాత్రం సీఆర్2032 అనే అడగాలి. ఇవాళ దాని సంగతి.

సెల్లు తీసి సెల్లు పెట్టడం ఐదు నిమిషాల పని. గోడ గడియారానికి సెల్లు వేసిన చేయి ఎవరిదైనా సరిపోతుంది. ఆ ఐదు నిమిషాలకు ముందు ఒక గంట, తర్వాత ఒక అరగంట ఉంటాయి చూడండి, పాఠం ఎక్కువగా వాటి మీదే నడుస్తుంది. విసుక్కోకండి.

ఆ సెల్లు చేసే పని

మదర్‌బోర్డు మీద సొంతంగా ఒక గడియారం ఉంది. అందులో క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. రెండును పదిహేనుసార్లు గుణించుకుంటూ పోతే వచ్చే అంకె అది. కాబట్టి సగం, అందులో సగం అంటూ పదిహేనుసార్లు తగ్గిస్తే సెకనుకు సరిగ్గా ఒక టిక్కు మిగులుతుంది. మామూలు చేతి గడియారంలోనూ ఇదే లెక్క. 1984లో వచ్చిన ఐబీఎం పీసీ-ఏటీలో ఈ గడియారాన్నీ, సెట్టింగులు దాచుకునే చిటికెడు సీమాస్ మెమరీనీ కలిపి ఒకే మోటరోలా చిప్పులో పెట్టి, సెల్లుతో నడిపారు. మెమరీ పోయి ఫ్లాష్ చిప్పులు వచ్చినా సెల్లుకు ఆ పేరు ఉండిపోయింది.

సర్వర్ ఆఫ్ చేసినా కరెంటు తీగ గుచ్చి ఉన్నంతసేపు పవర్ సప్లై నుంచి స్టాండ్‌బై కరెంటు వస్తూనే ఉంటుంది. గడియారం దాని మీదే నడుస్తుంది. తీగలు పూర్తిగా పీకేసినప్పుడే సెల్లు మీద భారం పడుతుంది. ఆ భారం కూడా చాలా తక్కువ. సెల్లులో ఉండేది సుమారు 225 మిల్లీ ఆంపియర్ అవర్లు, గడియారం తినేది 5 మైక్రో ఆంపియర్లు అనుకుందాం. భాగిస్తే 45,000 గంటలు, అంటే అయిదేళ్ళ పైమాట. అందుకే రాత్రింబవళ్ళు నడిచే సర్వర్ కంటే, స్పేరు అని స్టోర్‌రూములో పడేసిన సర్వర్‌లోనే సెల్లు ముందు అయిపోతుంది. అత్యవసరంగా దుమ్ము దులిపి దాన్నే ర్యాక్‌లోకి ఎక్కిస్తాం, అది కాస్తా ఏ సంవత్సరంలో ఉందో దానికే తెలియదు.

సెల్లు పోయిందని ఎలా తెలుస్తుంది

నాకు తెలిసిన తీరు చెబుతాను. ఒక చిన్న ఆఫీసులో ఆదివారం యూపీఎస్ మార్పిడి. సర్వర్లన్నీ ఆపి, తీగలు పీకి, సాయంత్రం మళ్ళీ పెట్టాం. ఒకటి తప్ప అన్నీ బాగానే లేచాయి. ఆ ఒక్కటీ లేచింది గానీ ఎవరినీ లోపలికి రానివ్వలేదు. పాస్‌వర్డు తప్పు అంటుంది, పాస్‌వర్డు మాత్రం సరైనదే. గంటసేపు నెట్‌వర్కును తిట్టుకున్నాం, స్విచ్చు కూడా మార్చి చూశాం. చివరికి స్క్రీను మూలన తేదీ చూసింది మాతో ఉన్న ఎలక్ట్రీషియన్. "సార్, ఇందులో ఇంకా సంక్రాంతే కాలేదు, జనవరి ఒకటి చూపిస్తుంది" అన్నాడు. సంవత్సరం చూస్తే పదేళ్ళకు పైగా వెనక్కి పోయి ఉంది.

డొమైన్ లాగిన్ (ఆఫీసు మొత్తానికి ఒకే చోట చూసే లాగిన్) వెనక ఉండే కెర్బెరోస్ అనే గుర్తింపు తనిఖీ పద్ధతి, రెండు వైపులా గడియారాల మధ్య మామూలుగా అయిదు నిమిషాల తేడా వరకే ఒప్పుకుంటుంది, అది దాటితే పాస్‌వర్డు సరైనదైనా తోసేస్తుంది. వెబ్‌సైట్ల సర్టిఫికెట్లకూ అదే గతి. సర్వర్ పాత కాలంలో ఉంటే, ఆ సర్టిఫికెట్టు ఇంకా పుట్టనే లేదన్నట్టు చూస్తుంది. నెట్‌వర్కు మీద టైము సరిచేసే పాత ఎన్‌టీపీ సర్వీసుకు ఇంకో పట్టింపు ఉంది. తేడా 1000 సెకన్లు దాటితే, ఇదేదో తేడాగా ఉందని సర్దడం మానేసి తనే ఆగిపోతుంది.

అంతదాకా రానివ్వనక్కర్లేదు. సర్వర్‌ను దూరం నుంచి చూసుకునే పేజీ ఒకటి ఉంటుంది, డెల్ సర్వరయితే ఐడ్రాక్, హెచ్‌పీ అయితే ఐలో. అందులో లాగు, అంటే జరిగినవాటి చిట్టా, తెరవండి. సిస్టమ్ బోర్డు బ్యాటరీ తగ్గింది, లేదా ఫెయిలయింది అనే మాట అక్కడ కనబడుతుంది. చాలా సూపర్‌మైక్రో బోర్డుల్లో వీబ్యాట్ అనే సెన్సరు వోల్టేజీనే చూపిస్తుంది.

ఇక్కడ రెండు పొరపాట్లు అందరూ చేస్తారు. ఒకటి, సర్వర్ నడుస్తుండగా టైము రోజూ కొంచెం కొంచెం తప్పుతోందని సెల్లు మార్చడం. నడిచేటప్పుడు సెల్లుకు ప్రమేయమే లేదు కదా, టైమ్ సింక్ చూసుకోవాలి. రెండోది, బ్యాటరీ ఫెయిల్ అనగానే ఈ బిళ్ళే అనుకోవడం. డిస్కులను కలిపి నడిపే రెయిడ్ కార్డుకు వేరే బ్యాటరీ ఉంటుంది. లాగులో ఏ బ్యాటరీ అన్నాడో ఆ వాక్యం చివరిదాకా చదవండి.

ముందు గంట

సర్వర్ నడుస్తుండగానే ఈ పనులు చేసుకోండి.

రీస్టార్ట్ చేసే వీలుంటే సెటప్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల పేజీల్లోకి వెళ్ళి ప్రతి పేజీనీ ఫోనుతో ఫోటో తీయండి. సర్వర్ లేచేటప్పుడు డెల్‌లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కాలి. కొత్త సర్వర్లలో సెట్టింగులు ఫ్లాష్‌లో ఉంటాయి కాబట్టి సెల్లు తీసినా చాలావరకు నిలుస్తాయి. పాతవాటిలో అన్నీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకు పోతాయి. మీది ఏ రకమో అని ఆలోచించే సమయంలో ఫోటోలు అయిపోతాయి. బూట్ మోడ్ (సర్వర్ లేచే పద్ధతి) కొత్తదైన యూఈఎఫ్ఐనా, పాత బయోసా? డిస్కు కంట్రోలర్ ఏ మోడ్‌లో ఉంది? వర్చువలైజేషన్ (ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లు నడిపే వీలు) ఆన్‌లో ఉందా? ఈ మూడింటిలో ఒకటి మారినా సర్వర్ లేవదు, లేదా లేచి మీ వర్చువల్ మెషీన్లను లేపదు.

విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. సెటప్‌లో మార్పు జరిగిందని అనుమానమొస్తే అది 48 అంకెల కీ అడుగుతుంది. ఆ కీ ఇదే సర్వర్‌లోని ఫైల్లో భద్రంగా ఉందని అప్పుడు గుర్తొస్తే ఏం లాభం? డొమైన్‌తో సంబంధం లేని లోకల్ అడ్మిన్ పాస్‌వర్డు కూడా ఒకసారి కొట్టి చూసుకోండి. పైన చెప్పిన ఆదివారం మమ్మల్ని ఏడిపించింది అదే.

ఇక సెల్లు కొనడం. సీఆర్2032లో 20 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 32 అంటే 3.2 మిల్లీమీటర్ల మందం. అది లేదని సీఆర్2025 ఇస్తారు కొందరు. మందం తక్కువ కాబట్టి హోల్డరులో వదులుగా కూచుని ఒకరోజు పట్టు తప్పుతుంది. ఎల్ఐఆర్2032 అసలే వద్దు, అది రీచార్జి రకం, దాని వోల్టేజీ ఎక్కువ. పిల్లలు మింగకుండా కొన్ని కంపెనీలు సెల్లు మీద చేదు పూత పూస్తున్నాయి. మంచి ఆలోచనే గానీ కొన్ని హోల్డర్లలో ఆ పూత కరెంటుకు అడ్డొస్తుంది. ఎయిర్‌ట్యాగుల విషయంలో యాపిల్ ఈ హెచ్చరిక తనే రాసి పెట్టింది. పూత లేనిది దొరికితే అదే తీసుకోండి. కారు రిమోట్‌లోదో, కాటాలోదో పీకి పెట్టే పని మాత్రం చేయకండి. నేను చేశాను, ఎనిమిది నెలల్లో మళ్ళీ మూత తీయాల్సొచ్చింది.

కొత్త సెల్లును మల్టీమీటరుతో చూడండి. డీసీ 20 వోల్టుల దగ్గర పెడితే మూడు దాటి చూపించాలి. పాతదాన్ని కూడా ఇలాగే చూసి "2.9 ఉంది, బాగానే ఉందే" అనుకోవద్దు. లిథియం సెల్లు చివరిదాకా వోల్టేజీ నిలబెట్టి, ఆఖర్న ఒక్కసారిగా జారిపోతుంది.

అయిదు నిమిషాలు

ఆపరేటింగ్ సిస్టమ్ నుంచే షట్‌డౌన్ చేయండి. పవర్ సప్లైలు రెండుంటాయి కాబట్టి తీగలూ రెండు పీకాలి. ఒకటే పీకి, లైటు ఇంకా వెలుగుతుంటే ఆశ్చర్యపోయేవాళ్ళను చూశాను. పీకాక పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు దిగిపోతుంది. మణికట్టు పట్టీ కట్టుకుని, దాని క్లిప్పును సర్వర్ ఇనుప బాడీకి తగిలించండి.

పట్టాల మీద లాగి మూత తీయండి. మూత లోపలివైపు బోర్డు పటం స్టిక్కరు ఉంటుంది, సెల్లు ఎక్కడుందో అందులో చూడండి. కొన్నిటిలో ఎదురుగా ఉంటుంది. కొన్నిటిలో గాలి దారి మళ్ళించే ప్లాస్టిక్ మూత కిందో, కార్డులు గుచ్చే రైజర్ కిందో దాక్కుంటుంది. అవి తీయాల్సొస్తే ముందు ఫోటో.

ఇప్పుడు దగ్గరికి వంగి చూడండి. సెల్లు ఒక నల్లటి ప్లాస్టిక్ గిన్నెలో పడుకుని ఉంటుంది. పై ముఖం మీద ప్లస్ గుర్తు, కంపెనీ పేరు. ఒక అంచున సన్నని లోహపు నాలుక సెల్లును బిగపట్టి ఉంటుంది. ఎడమచేతి వేలుతో గిన్నెను బోర్డు మీదకి నొక్కి పట్టుకోండి, ఇది మర్చిపోకండి. కుడిచేతిలో ప్లాస్టిక్ పుల్ల తీసుకుని ఆ నాలుకను సెల్లు నుంచి బయటివైపుకు మెల్లగా నెట్టండి. టప్పున ఆ అంచు పైకి లేస్తుంది. అప్పుడు వేళ్ళతో అంచులు పట్టుకుని ఏటవాలుగా లాగేయండి. లేవకపోతే బలం పెంచకండి, నాలుకను ఇంకాస్త నెట్టండి. స్క్రూడ్రైవరు మొనతో పెకలించబోయి గిన్నెను బోర్డు నుంచే ఊడదీసినవాళ్ళున్నారు. ఇరవై ముప్ఫై రూపాయల సెల్లు కోసం బోర్డు మార్చడం అన్నమాట.

కొత్తదాన్ని ముఖాల మీద వేలిముద్రలు పడకుండా అంచులతో పట్టుకోండి. ప్లస్ పైకి ఉంచి, నాలుకకు ఎదురు అంచున ఉన్న కొక్కేల కిందికి ముందు దూర్చి, రెండో అంచు నొక్కితే క్లిక్కుమంటుంది. కొన్ని బోర్డుల్లో సెల్లు నిలువుగా నిలబడి ఉంటుంది. వాటిలో పైకి, కిందికి అంటూ ఉండదు, హోల్డరు మీద ప్లస్ ఏ పక్కన ఉంటే సెల్లు ప్లస్ ఆ పక్కకు. జారి పడితే ఆ బిళ్ళ హీట్‌సింకు కిందికో, మెమరీ స్లాట్ల మధ్యకో దొర్లుతుంది. దొరికేదాకా మూత వేయకండి, కరెంటు ఇవ్వకండి.

పాత సెల్లు రెండు ముఖాలకూ టేపు అంటించి ఈ-వేస్టు డబ్బాలో వేయండి. చొక్కా జేబులో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళకండి. అయిపోయిన సెల్లయినా సరే, పిల్లలు మింగితే రెండు గంటల్లో అన్నవాహికను కాల్చేయగలదు.

తర్వాత అరగంట

తీగలు గుచ్చి, సెటప్‌లోకి వెళ్ళి తేదీ, టైము పెట్టండి. ఇక్కడ మనకు అయిదున్నర గంటల చిక్కు ఉంది. విండోస్ ఈ గడియారంలో స్థానిక సమయం ఉందనుకుంటుంది, లినక్స్‌కూ, వర్చువల్ మెషీన్లు నడిపే ఈఎస్ఎక్స్ఐకీ మామూలుగా యూటీసీ, అంటే మన టైము కంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయం కావాలి. లినక్స్ సర్వర్‌లో మీ చేతి గడియారం చూసి సాయంత్రం 6:00 అని పెడితే, అది లేచాక రాత్రి 11:30 అంటుంది. 12:30 అని పెట్టాలి.

ఫోటోలు పక్కన పెట్టుకుని సెట్టింగులు ఒక్కొక్కటే సరిచూసి, అప్పుడు బూట్ చేయండి. లేచాక టైమ్ సింక్ పట్టుకుందో లేదో చూడండి. దానికి క్రోనీ అనే ప్రోగ్రాము వాడుతుంటే దాని ట్రాకింగ్ కమాండు తేడా ఎంతో చెబుతుంది. మన దేశంలో ఇది ఇష్టమైతే చేసే పని కూడా కాదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థల గడియారాలు ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతోనో, వాటితో సరితూగేవాటితోనో సింక్ అయి ఉండాలి. లాగులు 180 రోజులు దాచాలి. సంవత్సరమే తప్పిన లాగులు దాచి ఏం చూపిస్తాం?

సింక్ కుదిరాక ఆ సరైన సమయాన్ని బోర్డు గడియారంలోకి ఎక్కించాలి. లినక్స్‌లో హెచ్‌డబ్ల్యూక్లాక్ కమాండుకు సిస్టోహెచ్‌సీ ఆప్షన్ ఇస్తే చాలు.

ఇక అసలు పరీక్ష, చాలామంది ఎగ్గొట్టేది. సర్వర్ మళ్ళీ ఆపి, రెండు తీగలూ పీకి, పావుగంట వదిలేయండి. టీ తాగి రండి. తీగలు గుచ్చి నేరుగా సెటప్‌లోకి వెళ్ళి టైము చూడండి. ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి పోతే ఎన్‌టీపీ తప్పును సర్దేస్తుంది, మీకు తెలియకుండా పోతుంది. పావుగంట ముందుకు నడిచి ఉంటే పని అయిపోయినట్టే. ఆగిన చోటే ఉన్నా, పాత సంవత్సరానికి పోయినా, సెల్లు తిరగేసి పెట్టి ఉంటారు, లేదా నాలుక సెల్లుకు తగలడం లేదు.

మూత లోపలి స్టిక్కరు పక్కన మార్చిన తేదీ మార్కరుతో రాసి మూసేయండి.

ఇంటిపని: మీ చేతిలో ఉన్న సర్వర్లలో తీగలు పీకేసి పక్కన పెట్టినవి ఎన్నో, ఎప్పటి నుంచో రాసుకోండి. ఏడాది దాటిన ఒకదాన్ని ఎంచుకుని, నెట్‌వర్కు కేబులు పెట్టకుండా లేపి, సెటప్‌లో తేదీ ఏం చూపిస్తుందో నోట్ చేయండి. వచ్చే పాఠంలో రెయిడ్ కార్డు బ్యాటరీ. అది ఉబ్బితే ఎలా ఉంటుందో కూడా చూద్దాం.