గుర్రానికి కృత్రిమ గర్భధారణ: టైమింగే ముఖ్యం

ఆర్కే బీచ్‌లో సవారీ గుర్రాలు తిప్పేవాళ్లు నన్నడిగేది ఒకటే: "డాక్టరు గారూ, గేదెకు చేసినట్టు దీనికీ చేసెయ్యలేరా?" చెయ్యొచ్చు. కాకపోతే గుర్రం ఎద 5 నుంచి 7 రోజులుంటుంది, అండం విడుదలయ్యేది చివరి ఒకటి రెండు రోజుల్లో. తోక ఎత్తి మాటిమాటికీ మూత్రం పోస్తోందని వెంటనే వీర్యం తెప్పించకండి. రోజూ స్కాన్ చేయించండి. ఫాలికల్ (అండాశయంలో అండం పెరిగే నీటి బుడగ) 35 మిల్లీమీటర్లు దాటి మెత్తబడితే టైం దగ్గరపడినట్టే.

ఫ్రోజెన్ స్ట్రా (గడ్డకట్టించిన వీర్యం ఉండే సన్న గొట్టం) అయితే అండం విడుదలైన 6 గంటల్లోపు వేసెయ్యాలి, కాబట్టి రాత్రంతా స్కానర్‌తో జాగారమే. చల్లబరిచిన వీర్యం నయం, 5 డిగ్రీల దగ్గర ఓ రోజు ఆగుతుంది. మన వైజాగ్ ఎండలో డబ్బా మూత మాత్రం ఊరికే తెరవొద్దు.

అండం విడుదలైన 14, 15 రోజులకు మళ్లీ స్కాన్. కవలలుంటే ఒకదాన్ని అప్పుడే తీసేయించాలి.