ఆపి మళ్ళీ నడిపితే టాస్క్ వెనక్కి పోతోందా? బోయింక్‌లో ముందు చూడాల్సింది ఇదీ

"రాత్రి 73 శాతం దగ్గర సస్పెండ్ చేసి సిస్టమ్ కట్టేశాను. పొద్దున తెరిస్తే 61 ఉంది." బోయింక్ (ఖాళీగా ఉన్న మన కంప్యూటర్‌తో శాస్త్ర పరిశోధనల లెక్కలు చేయించే ప్రోగ్రామ్, ఒక్కో లెక్కే ఒక టాస్క్) వాడేవాళ్ళ నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. విన్న ప్రతిసారీ నేనడిగేది ఒక్కటే: కట్టేసే ముందు ప్రాపర్టీస్ చూశారా? చూశామన్నవాళ్ళు ఇంతవరకూ తగల్లేదు.

అడ్వాన్స్‌డ్ వ్యూలో టాస్క్స్ ట్యాబ్‌కి వెళ్ళి, నడుస్తున్న టాస్క్‌ని ఎంచుకుని ప్రాపర్టీస్ నొక్కండి. అక్కడ "సీపీయూ టైమ్ సిన్స్ చెక్‌పాయింట్" అని ఒక వరస కనిపిస్తుంది. చెక్‌పాయింట్ అంటే టాస్క్ అప్పటిదాకా చేసిన పనిని డిస్క్ మీద దాచుకోవడం, దాని తర్వాత ప్రాసెసర్ పనిచేసిన సమయం ఇది. ఈ క్షణాన కరెంటు పోతే మీరు పోగొట్టుకునేది సరిగ్గా అంత. ఒకే టాస్క్ నాలుగు కోర్ల మీద నడుస్తుంటే నాలుగింటి సమయమూ కలిపి చూపిస్తుంది కాబట్టి, 40 నిమిషాలని ఉంటే గడియారం లెక్కన పదే. ఈ సమయం మొత్తం సీపీయూ టైమ్‌తో సమానంగా ఉందంటే ఆ టాస్క్ ఇంకా ఒక్క చెక్‌పాయింట్ కూడా రాయలేదు. దాన్ని ఇప్పుడు ఆపితే సున్నా నుంచే మొదలు.

సస్పెండ్ చేసే ఆపాను, అయినా వెనక్కి పోయింది

నూటికి తొంభై మంది పడే గుంట ఇది. నేనూ పడ్డాను.

సస్పెండ్ చేయడమంటే పని ఆపడం. దాచడం కాదు. చెక్‌పాయింట్ రాసేది బోయింక్ కాదు, లోపల నడిచే సిమ్యులేషన్ ప్రోగ్రామే, అదీ తన లెక్కలో వీలైన చోటికి చేరాకే. మీరు సస్పెండ్ నొక్కిన క్షణాన అది ఎక్కడుంటే అక్కడ బిగుసుకుపోతుంది. "లీవ్ నాన్-జీపీయూ టాస్క్స్ ఇన్ మెమరీ వైల్ సస్పెండెడ్" అనే గడి టిక్ చేసి ఉంటే దాని స్థితి ర్యామ్‌లో అలాగే ఉంటుంది. రెజ్యూమ్ నొక్కితే ఆగిన చోటు నుంచే నడుస్తుంది కాబట్టి అంతా భద్రంగా ఉందనిపిస్తుంది. పది రోజులు ఇలాగే గడిచి నమ్మకం కుదురుతుంది. పదకొండో రోజు సస్పెండ్ చేసి షట్‌డౌన్ కొడతారు. ర్యామ్ ఖాళీ. డిస్క్ మీద మిగిలింది పాత చెక్‌పాయింటే.

ఇందులోనే ఇంకో మెలిక ఉంది, నన్ను ముంచింది అదే. ఒక వాతావరణ నమూనా టాస్క్‌ని సస్పెండ్ చేసి, "సేవ్ చేసుకోనీ" అని అరగంట ఆగి అప్పుడు కట్టేశాను. జాగ్రత్తపడ్డాననుకున్నాను. ఆగిపోయిన ప్రోగ్రామ్ ఫైల్ ఎలా రాస్తుంది? అరగంట కాదు, అర రోజు ఆగినా ఒక్క అక్షరం రాయదు. ఆగాల్సింది టాస్క్ నడుస్తుండగా, సస్పెండ్ చేశాక కాదు.

కాబట్టి వరస ఇలా ఉండాలి. టాస్క్‌ని నడవనిచ్చి ప్రాపర్టీస్‌లో ఆ "సిన్స్ చెక్‌పాయింట్" సమయం సున్నాకి దగ్గరగా పడేదాకా చూడండి. ఆ విండో తనంతట తాను మారకపోతే మూసి మళ్ళీ తెరవండి. పడగానే ఫైల్ మెనూలో ఎగ్జిట్ బోయింక్ నొక్కి, నడుస్తున్న టాస్క్‌లను కూడా ఆపమనే గడి టిక్ చేయండి. షట్‌డౌన్ ఆ తర్వాతే. పైన ఉన్న గుణకారం గుర్తు నొక్కితే విండో మూసుకుంటుంది తప్ప వెనకాల టాస్క్‌లని నడిపే క్లయింట్ ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది.

ప్రతిసారీ కాపలా కాయలేమంటే ఈవెంట్ లాగ్ ఆప్షన్స్‌లో చెక్‌పాయింట్_డీబగ్ ఆన్ చేయండి. ప్రతి చెక్‌పాయింట్‌కీ లాగ్‌లో ఒక వరస పడుతుంది. ఒక పూట చూస్తే మీ టాస్క్ ఎంతసేపటికోసారి రాస్తుందో తెలిసిపోతుంది.

అంతసేపు ఆగే తీరిక లేకపోతే హైబర్నేట్ చేయండి. ర్యామ్ మొత్తం డిస్క్ మీదకి వెళ్తుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఉంది కదా, మామూలు షట్‌డౌన్ కూడా అదే పని చేస్తుందని కొందరంటారు. చేయదు. అది దాచేది సిస్టమ్ కెర్నెల్‌ని, మీ ప్రోగ్రామ్‌లను కాదు. స్లీప్‌లో ర్యామ్‌కి కరెంటు అందుతున్నంతసేపే భరోసా.

60 సెకన్లు పెట్టాను, అయినా గంట పోయింది

"రిక్వెస్ట్ టాస్క్స్ టు చెక్‌పాయింట్ ఎట్ మోస్ట్ ఎవ్రీ 60 సెకండ్స్" అనే సెట్టింగ్‌ని జనం తలకిందులుగా చదువుతారు. 60 సెకన్లకోసారి రాయమని కాదు, అంతకన్నా తరచుగా రాయొద్దని. డిస్క్ అరగకుండా పెట్టిన పగ్గం అది. గంటకోసారి రాసే ప్రోగ్రామ్‌ దగ్గర మీరు 10 పెట్టినా 60 పెట్టినా గంటే. కానీ ఎవరైనా 3600 పెట్టి మరిచిపోయి ఉంటే మాత్రం తప్పు అక్కడే, దాన్ని తగ్గించండి.

షట్‌డౌన్ చేయలేదు, మౌస్ కదిపితే చాలు వెనక్కి పోతోంది

రెండు సెట్టింగులు కలిసి చేసే పని ఇది. కంప్యూటర్ వాడుతున్నప్పుడు ఆపమని ఒకటి చెబుతుంది. మెమరీలో ఉంచే గడి టిక్ లేకపోవడం రెండోది. మీరు వచ్చి కూర్చోగానే టాస్క్ మెమరీలోంచి పోతుంది, లేచి వెళ్ళాక పాత చెక్‌పాయింట్ నుంచి మొదలవుతుంది. చెక్‌పాయింట్లు దూరదూరంగా రాసే టాస్క్ అయితే వారమైనా అక్కడక్కడే తిరుగుతుంది. గడి టిక్ చేయండి.

"ప్రాజెక్టు వెబ్‌సైట్‌లో టిక్ చేశాను కదా" అంటారు. మీ కంప్యూటర్‌లోని బోయింక్ మేనేజర్‌లో ఎప్పుడో లోకల్ ప్రిఫరెన్సెస్ (ఆ ఒక్క మెషీన్‌కే చెల్లే సెట్టింగులు) సేవ్ చేసి ఉంటే వెబ్‌లో పెట్టింది ఆ మెషీన్‌కి పట్టదు. లోకల్‌దే చెల్లుతుంది. అక్కడ మార్చండి, లేదా దాన్ని తీసేయండి. జీపీయూ (గ్రాఫిక్స్ కార్డు) టాస్క్‌లకి మెమరీలో ఉంచే ఈ గడి వర్తించదు, దాని పేరులోనే ఉంది.

షట్‌డౌన్ తర్వాత కంప్యుటేషన్ ఎర్రర్

వర్చువల్‌బాక్స్‌తో (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) నడిచే టాస్క్‌లకి ఇది మామూలే. ఆ లోపలి మెషీన్ స్థితిని డిస్క్ మీదకి రాయడానికి సమయం పడుతుంది, షట్‌డౌన్ అంతసేపు ఆగదు. ముందు బోయింక్ నుంచి ఎగ్జిట్ అయి, డిస్క్ లైటు సద్దుమణిగాక కట్టేయండి.

లాగ్‌లో "రీసెట్ ద ప్రాజెక్ట్" అని సలహా వస్తోంది

టాస్క్ ముగింపు ఫైల్ లేకుండా బయటికొచ్చిందని చెబుతూ, మళ్ళీ మళ్ళీ ఇలా జరిగితే రీసెట్ చేయాల్సి రావచ్చంటుంది. ఒకట్రెండుసార్లు కనిపిస్తే పట్టించుకోకండి. రీసెట్ నొక్కారంటే ఆ ప్రాజెక్టులో చేతిలో ఉన్న టాస్క్‌లన్నీ పోతాయి. రెండు వారాలు నడిచిన టాస్క్‌ని ఇలా ఊడ్చేసుకున్నవాళ్ళని చూశాను.

శాతం మాత్రమే గెంతుతూ, సీపీయూ టైమ్ తగ్గకపోతే నష్టమేమీ లేదు. కొన్ని ప్రోగ్రామ్‌లు శాతం చెప్పవు, అప్పుడు బోయింక్ తనే అంచనా వేసి చూపిస్తుంది. డిస్క్ నిండిపోవడం, యాంటీవైరస్ చెక్‌పాయింట్ ఫైల్‌ని పట్టుకోవడం లాంటివీ ఉన్నాయి. అరుదు. పైవన్నీ చూశాకే వాటి జోలికి వెళ్ళండి.

బోయింక్ లాంటిదే అయిన ఫోల్డింగ్ ఎట్ హోమ్ వాడేవాళ్ళు ఆపాలనుకుంటే పాజ్ బదులు ఫినిష్ నొక్కండి. చేతిలో ఉన్న యూనిట్ పూర్తిచేసి పంపేసి, కొత్తది తెచ్చుకోకుండా ఆగుతుంది.