ఇంటిల్లిపాదీ రొమ్ము క్యాన్సర్ నడకకు వెళ్లాలంటే ఎలా?

అక్టోబర్ రొమ్ము క్యాన్సర్ అవగాహన నెల. హైదరాబాద్ కేబీఆర్ పార్క్ దగ్గర ఉషాలక్ష్మి బ్రెస్ట్ క్యాన్సర్ ఫౌండేషన్ పింక్ రిబ్బన్ వాక్ అనే అవగాహన నడక పెడుతూ వస్తోంది. అలాంటి నడకలు పొద్దున్నే మొదలవుతాయి. నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు కాబట్టి ముందురోజు రాత్రికే సిటీలో చుట్టాలింటికి చేరడం మేలు. మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఉచితం. ఆధార్ మరవొద్దు.

పేరు రాయించే ముందు

ఫీజు ఎంత, ఆ డబ్బు దేనికి వాడతారు అని నిర్వాహకులను అడగండి. పరీక్షల శిబిరాలకా, పేద రోగుల మందులకా? సూటిగా చెప్పలేకపోతే నేనైతే ఆ విరాళం ఇవ్వను. ఇచ్చేవాళ్లు రసీదు తీసుకోండి. సంస్థకు 80జీ (విరాళాలపై ఆదాయపు పన్ను మినహాయింపు) గుర్తింపు ఉంటే పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఆ మినహాయింపు దొరుకుతుంది, కానీ 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే అది వర్తించదు.

మన ఊళ్లో నడక లేకపోతే ఏమీ ఫర్వాలేదు. నాలుగు కుటుంబాలు కలిసి ఒక ఆదివారం మహబూబ్‌నగర్ మినీ ట్యాంక్‌బండ్ మీదనో, నల్లగొండ క్లాక్ టవర్ నుంచి ఎన్జీ కాలేజీ వైపో నడవొచ్చు. బతుకమ్మ రోజుల్లో మాత్రం పెట్టుకోకండి, ఒక్కరూ రారు.

అత్తమ్మను ఒప్పించడం

అన్నిటికంటే కష్టమైన పని ఇదే. ‘క్యాన్సర్ నడక’ అనగానే ‘నాకేమైందని?’ అంటారు. రొమ్ము అన్న మాట నలుగురిలో అనడానికే సిగ్గు. అందుకని కొడుకు కాకుండా కోడలో, చిన్నమ్మో అడిగితే మంచిది: ‘అత్తమ్మా, పిల్లలు కూడా వస్తున్నరు, పొద్దున చల్లగ నడిచొద్దాం.’ మిగతాది దారిలో మాట్లాడుకోవచ్చు. పక్కపక్కన నడుస్తుంటే మొహాలు చూసుకునే పని ఉండదు, మాట కాస్త సులువుగా వస్తుంది.

దారిలో చెప్పాల్సినవి ఇవి. రొమ్ములో గానీ చంకలో గానీ గడ్డ, చర్మం లోపలికి గుంటపడటం, చనుమొన లోపలికి పోవడం, దాని నుంచి రక్తం కారడం కనిపిస్తే డాక్టర్‌కు చూపించాలి. నొప్పి లేదు కదా అని ఊరుకోకూడదు, క్యాన్సర్ గడ్డ చాలాసార్లు మొదట్లో నొప్పి పెట్టదు. అలాగని టెన్షన్ పడొద్దు, గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు.

మగవాళ్లను ఇంట్లో వదిలేయకండి. అరుదుగా వాళ్లకూ ఈ జబ్బు వస్తుంది. పైగా చాలా ఇళ్లలో ఆసుపత్రికి ఎప్పుడు పోవాలో, ఎంత ఖర్చు పెట్టాలో తేల్చేది వాళ్లే.

నడిచే రోజు

వారం ముందు నుంచి రోజూ అరగంట నడిస్తే ఒళ్లు అలవాటవుతుంది. కొత్త చెప్పులు వద్దు. బయల్దేరే ముందు అరటిపండో, రెండు ఇడ్లీలో తినండి. షుగర్ ఉన్నవాళ్లు ఖాళీ కడుపుతో నడవకూడదు. జనంలో తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి.

క్యాన్సర్ చికిత్స పొందినవారు, పొందుతున్నవారు వస్తే డాక్టర్‌ను అడిగాకే రావాలి. కీమో (క్యాన్సర్ మందుల చికిత్స) నడుస్తున్నప్పుడు రక్తంలో రోగాలను ఎదుర్కొనే తెల్లకణాలు పడిపోయి ఉంటే గుంపులోకి రావడమే ప్రమాదం. ఆపరేషన్‌లో చంకలోని గ్రంథులు తీసేసినవారికి ఆ చేయి వాచే అవకాశం ఉంటుంది కాబట్టి ఆ వైపు బరువు మోయనివ్వొద్దు, సంచి మీరు పట్టుకోండి. వాళ్లెంత దూరం నడిస్తే అంతే చాలు. తోడుగా ఆటో ఎక్కడానికి ఒకరు సిద్ధంగా ఉండండి. వాళ్లను అడగకుండా ఫోటో తీసి స్టేటస్‌లో పెట్టకండి.

మరుసటి వారం

టీషర్టు వేసుకుని నడిచినంత మాత్రాన పని అయిపోలేదు. ముప్పై దాటిన ఆడవాళ్లను ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకసారి రొమ్ము పరీక్షకు తీసుకెళ్లండి. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ఆరోగ్య మహిళ కార్యక్రమంలో ఈ పరీక్షకు మంగళవారం కేటాయించారు. మీ దగ్గరి కేంద్రంలో ఏ రోజు చూస్తారో ఆశా కార్యకర్తను అడిగి వెళ్లండి. అవసరమైతే డాక్టరే మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) రాస్తారు. పెద్ద చికిత్స దాకా వెళ్తే హైదరాబాద్ రెడ్ హిల్స్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు ఒకే ఫైల్లో పెట్టుకుంటే కౌంటర్ల దగ్గర తిరగడం తగ్గుతుంది.