ఆట మధ్యలో ఆగిందా? ముందు గోడ వైపు చూడండి

రాజోలు దాటి అంతర్వేది వైపు వెళ్లే దారిలో మా ఊరు. ఒక పక్క వశిష్ఠ పాయ, మరో పక్క రొయ్యల చెరువులు, నెత్తిన కొబ్బరి చెట్లు. ఇక్కడ ఆటల కోసం కంప్యూటర్ కొనుక్కున్నవాడికి కష్టాలు కూడా వీటి నుంచే వస్తాయి. ఇంటర్నెట్‌లో దొరికే సలహాలన్నీ పొడి గాలి, నిలకడైన కరెంటు ఉన్న గదుల కోసం రాసినవి. మన దగ్గర లెక్క వేరు.

రాత్రి పదకొండు దాటాక కంప్యూటర్ దానంతట అదే ఆరి, మళ్లీ మొదలవుతోంది

మూడు నెలలు నేను గ్రాఫిక్స్ కార్డును తిట్టుకున్నాను. విండోస్ రెండుసార్లు కొత్తగా ఎక్కించాను. ర్యామ్ తీసి దాని అంచులను రబ్బరుతో రుద్దాను. చివరికి కేబినెట్‌ను బండి మీద పెట్టుకుని పట్నంలో ఒక దుకాణానికి తీసుకెళ్తే, రెండు రోజులు నడిపి చూసి ‘ఏ లోపమూ లేదు’ అన్నారు. అక్కడ బాగా పనిచేసి ఇంట్లో మొరాయిస్తోందంటే లోపం ఇంట్లోనే ఉందని నాకు అప్పుడే తట్టాలి. తట్టలేదు. ఎదురింటి బాబాయి గారు ఒక్క మాట అడిగారు: ‘‘అబ్బాయీ, ఆ వేళకు మీ ఫ్యాను కూడా నెమ్మదిస్తుందా?’’

నెమ్మదిస్తుంది. చెరువు నీటిలో ఆక్సిజన్ పగలు నాచు పుణ్యమా అని పెరుగుతుంది, చీకటి పడ్డాక తగ్గుతూ తెల్లవారుజాముకు బాగా పడిపోతుంది. అందుకే రైతులు రాత్రి నీటిని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు వేస్తారు. మా వీధికీ ఆ చెరువులకూ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటే. 230 వోల్టులు రావాల్సిన ప్లగ్గులో అర్ధరాత్రి నా మల్టీమీటర్ 172 చూపింది.

గోడ కరెంటును కంప్యూటర్‌కు సరిపడేలా మార్చే లోపలి పెట్టెను ఎస్‌ఎంపీఎస్ అంటారు. నిజానికి ఇప్పటి మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో చాలావాటికి 172 పెద్ద లెక్క కాదు, 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. తట్టుకోలేకపోయింది మా ఇంటి ఇన్వర్టర్. దాని మీద ఒక చిన్న మీట ఉంటుంది. ఒక వైపు యూపీఎస్ మోడ్, రెండో వైపు నార్మల్ మోడ్. చాలామంది దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోరు. యూపీఎస్ మోడ్‌లో వోల్టేజీ సుమారు 180కి దిగితే చాలు, లైను వదిలేసి బ్యాటరీ మీదికి దూకుతుంది. నా బ్యాటరీకి నాలుగేళ్లు, అందులో నీళ్లు గీత కిందికి పోయాయి. ఆట ఆడే కంప్యూటర్ బరువు మీద పడగానే అది కూలబడింది.

మీటను నార్మల్‌కు మారిస్తే సరిపోదా? సగమే సరిపోతుంది. ఆ మోడ్ తక్కువ వోల్టేజీని ఓర్చుకుంటుంది కానీ, కరెంటు నిజంగా పోయినప్పుడు బ్యాటరీకి మారడంలో ఆలస్యం చేస్తుంది. ఎస్‌ఎంపీఎస్ కరెంటు లేకుండా నిలవగలిగేది దాదాపు 16 మిల్లీసెకన్లు. ఆ ఆలస్యంలో కంప్యూటర్ ఆరిపోతుంది. నేను చేసినది ఇది: బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ పోసి, అయినా లేవకపోతే మార్చేశాను. ఇన్వర్టర్‌కు ముందు స్టెబిలైజర్ పెట్టాను. కంప్యూటర్‌కు విడిగా యూపీఎస్ కొనాలనుకునేవారు వీఏ (వోల్ట్-ఆంపియర్) అంకె చూసి మోసపోకండి. 600 వీఏ అని రాసినది సాధారణంగా 360 వాట్లకే. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కనీసం 1 కేవీఏ (1000 వీఏ) వైపు చూడండి.

కొనే ముందు ఒక పరీక్ష. ఆట నడుస్తుండగా ప్లగ్గు దగ్గరా, మీటరు బోర్డు దగ్గరా వోల్టేజీ కొలవండి, బోర్డు దగ్గర కొలిచే పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. రెండు చోట్లా తక్కువుంటే అది లైన్‌మ్యాన్‌తో తేల్చుకోవాల్సిన సంగతి. ప్లగ్గులోనే తక్కువుంటే మీ గోడలో తీగ సన్నం, లేదా సాకెట్ వదులు. వోల్టేజీ తగ్గినప్పుడు ఎస్‌ఎంపీఎస్ అదే పనికి ఎక్కువ కరెంటు లాగుతుంది కాబట్టి వదులు సాకెట్ వేడెక్కుతుంది. ప్లగ్గు చేతికి వెచ్చగా తగిలితే ఆ రోజుకు ఆట కట్టేయండి.

వేళతో పని లేకుండా, బరువైన ఆట మొదలైన ఇరవై నిమిషాలకే ఆరిపోతుంటే మాత్రం అది వేడి. ప్రాసెసర్ 95-100 డిగ్రీలకు చేరితే ముందు వేగం తగ్గించుకుంటుంది, ఆ తరువాతే ఆరుతుంది. మన దుమ్ము చెమ్మతో కలిసి ఫ్యాన్ రెక్కలకు పేడలా పట్టేస్తుంది, ఊదితే పోదు. రంగులు వేసే కుంచెతో రాల్చండి, రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి.

కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది

ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి రవ్వంత కరెంటు రేకు మీదికి వస్తుంది. ఎర్త్ తీగ దాన్ని భూమిలోకి పంపాలి. తీగ లేకపోతే మీ చెయ్యే దారి. నాలుగడుగులు తవ్వితే చెమ్మ తగిలే నేల మనది, ఎర్తింగ్‌కు ఇంతకంటే అనువైన మట్టి ఉంటుందా? అయినా చాలా ఇళ్లలో సాకెట్ మూడో రంధ్రం అలంకారమే. వెనక తీగ ఉండదు, లేదా ఎర్త్ గోతి దగ్గర తుప్పు పట్టి తెగి ఉంటుంది. గోతిని తిరగ తీయించి, కొత్త తీగ వేయించండి. ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య ఇంచుమించు 230, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులు వస్తే బాగున్నట్టే. ‘‘న్యూట్రల్‌నే ఎర్త్‌కు కలిపేస్తానండి, ఖర్చు ఉండదు’’ అనే ఎలక్ట్రీషియన్‌ను కాఫీ ఇచ్చి పంపేయండి. న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున కేబినెట్ మొత్తం ఫేజు అవుతుంది.

కంట్రోలర్ ముట్టుకోకుండానే బొమ్మ పక్కకు నడుస్తోంది

స్టిక్ కింద పొటెన్షియోమీటర్ ఉంటుంది. కార్బన్ పూత మీద ఒక చిన్న లోహపు వేలు రాసుకుంటూ తిరుగుతుంది. పూత అరిగినా, చెమ్మతో మురికి చేరినా తప్పుడు లెక్క చెబుతుంది. మురికైతే 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వేసి స్టిక్‌ను గుండ్రంగా తిప్పండి, బాగా ఆరాకే ఆన్ చేయండి. చేతులకు రాసుకునే శానిటైజర్ వద్దు, అందులో నీళ్లున్నాయి. అరుగుదలైతే ఆట సెట్టింగుల్లో డెడ్‌జోన్ (స్టిక్ కొద్దిగా కదిలినా ఆట పట్టించుకోని మేర) పెంచి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. మళ్లీ కొనేటప్పుడు హాల్ ఎఫెక్ట్ స్టిక్ ఉన్నది చూడండి. అందులో అయస్కాంతమే పని చేస్తుంది, రాపిడి లేదు.

పండక్కి పింగ్ మూడు వందలు

పింగ్ అంటే మన సంకేతం ఆట సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు. సంక్రాంతికి ఇల్లు నిండుతుంది. అల్లుళ్లు తీసిన ఫోటోలు వాళ్లకు తెలియకుండానే ఆన్‌లైన్ ఖాతాల్లోకి ఎక్కుతుంటాయి. అప్‌లోడ్ దారి కిక్కిరిసి, మీ తుపాకీ గుండు ఆ వరుసలో చివర నిలబడుతుంది. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ అంకె బాగానే కనిపిస్తుంది, అందుకే మోసపోతాం. రౌటర్‌లో క్యూఓఎస్ (ఏ పరికరానికి ముందు దారి ఇవ్వాలో చెప్పే సెట్టింగు) ఉంటే మీ కంప్యూటర్‌కు ముందు వరుస ఇవ్వండి. లేకపోతే బావగారినే ఫోటోలు రాత్రికి ఎక్కించుకోమని బతిమాలండి. అల్లుడి హోదాలో ఉన్నవారు వింటారని హామీ ఇవ్వలేను. ఎలాగైనా లాన్ తీగ లాగండి, పాత మందపు గోడలను 5 గిగాహెర్ట్జ్ వైఫై సరిగ్గా దాటలేదు.

రౌటర్ మీద ఎర్ర దీపం మెరుస్తుంటే పింగ్ గురించి ఆలోచించకండి, ఫైబర్ తీగలో ఇంటర్నెట్‌ను మోసుకొచ్చే వెలుగే ఇంటిదాకా రావడం లేదు. ఎన్నిసార్లు ఆపి వేసినా ప్రయోజనం లేదు. బయటికెళ్లి తీగ వెంట నడవండి. మా ఇంట్లో రెండుసార్లు కొబ్బరి మట్ట పడింది, ఒకసారి కిటికీ రెక్క తీగను మడిచేసింది. ఫైబర్ తెగనక్కరలేదు, గట్టిగా మడత పడినా వెలుగు కారిపోతుంది.

ఫోను ఛార్జింగ్ రంధ్రంలో తేమ ఉందంటోంది

నమ్మండి, ఛార్జర్ పెట్టకండి. రంధ్రం కిందికి ఉండేలా ఫ్యాను ముందు కొన్ని గంటలు ఉంచండి. బియ్యంలో పెడితే తౌడు లోపలికి పోతుంది, అంతే.

రౌటర్‌లో చీమలు

మందు కొట్టకండి, బోర్డు పాడవుతుంది. ప్లగ్గు తీసి, మూత విప్పి కుంచెతో దులపండి. వెచ్చదనానికి చేరాయనుకుని నేను రౌటర్‌ను రెండు గదులు మార్చాను. ఆ రెండు చోట్లకూ చీమలు వచ్చాయి. మూడోసారి వాటి బారును వెనక్కి పట్టుకుపోతే, ఆత్రేయపురం పూతరేకుల పెట్టె దగ్గర తేలాను. పెట్టె ఇప్పుడు నీళ్ల పళ్లెంలో ఉంది, రౌటర్ మొదటి చోటికే వచ్చేసింది.