పెళ్లి వీడియో టీవీలో ఆగి ఆగి ఆడుతుంటే

తిరుచానూరులో తీసిన పెళ్లి వీడియో. ఫోర్‌కే, 20 నిమిషాలు, 15 జీబీ. అంటే సెకనుకు సగటున 100 మెగాబిట్లు. పాత ల్యాప్‌టాప్‌లో జెల్లీఫిన్ (మన వీడియోలను ఇంట్లోని టీవీకి, ఫోన్‌కి పంపే సర్వర్ సాఫ్ట్‌వేర్) వేసి హాల్లో టీవీకి ఇస్తే, తలంబ్రాల దగ్గర గింజలన్నీ కలిసిపోయి పసుపు మరకలా కనిపించాయి.

వీడియో ఆడుతుండగానే జెల్లీఫిన్ డాష్‌బోర్డ్ చూడాలి. అందులో డైరెక్ట్ ప్లే (ఫైల్‌ను ఉన్నదున్నట్టు పంపడం) బదులు ట్రాన్స్‌కోడింగ్ (మార్చి పంపడం) అని ఉంది. టీవీ యాప్‌లో క్వాలిటీ 'ఆటో'లో ఉంటే, లైను చాలదనుకున్నప్పుడు సర్వర్ ఫైల్‌ను అప్పటికప్పుడు కుదించి పంపుతుంది. సుఖమే, కానీ బొమ్మ పాడయ్యేది అక్కడే. క్వాలిటీ పూర్తిగా పెంచాక గింజలు విడివిడిగా తేలాయి గానీ, ఆగి ఆగి ఆడటం మొదలైంది.

ఇక్కడే అందరూ వైరు మారుస్తారు. దండగ. ఫోర్‌కే టీవీలైనా చాలావాటికి ల్యాన్ పోర్టు 100 మెగాబిట్లదే. అందులో చేతికొచ్చేది 94 దాకా. ఇంకా వేగమైన క్యాట్-6 కేబుల్ వేసినా అంతే. టీవీకి వైరు పీకేసి 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చాను, సరిపోయింది. ల్యాప్‌టాప్‌ను మాత్రం గిగాబిట్ పోర్టుతో రౌటర్‌కి వైరు మీదే ఉంచాలి. రెండూ వైఫై అయితే ఉన్న వేగాన్నే పంచుకుంటాయి. రౌటర్ మిద్దె మీదుంటే కష్టం, 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ శ్లాబు దాటేసరికి బాగా నీరసిస్తుంది.

బ్లూరే సినిమాలతో ఇంకో మెలిక ఉంది. వాటి పీజీఎస్ సబ్‌టైటిల్స్ అక్షరాలు కావు, బొమ్మలు. అవి చూపలేని టీవీ యాప్ కోసం సర్వర్ వాటిని వీడియో మీదే అచ్చేస్తుంది, మళ్లీ ట్రాన్స్‌కోడింగ్. సినిమా పక్కనే అదే పేరుతో ఎస్‌ఆర్‌టీ (అక్షరాల సబ్‌టైటిల్) ఫైల్ పెట్టి, దాన్నే ఎంచుకోండి.

ఫోన్‌లో మాత్రం 'ఆటో'నే ఉంచాను. ఆ తెరకి 100 మెగాబిట్లు దేనికి?